గోడ పక్కన షెడ్లున్న మనవాళ్లకి ఒక బహిరంగ లేఖ

చర్లపల్లి, మల్లాపూర్, నాచారం, మౌలాలి పారిశ్రామికవాడల్లో షెడ్లు నడుపుతున్న తోటి యజమానులకి, మనకి ఆర్డర్లిచ్చే పెద్ద కంపెనీల పర్చేజ్, హెచ్‌ఆర్, సేఫ్టీ డిపార్ట్‌మెంట్ల వాళ్లకి,

నమస్కారం.

మొన్న మన వాట్సాప్ గ్రూపులో మళ్లీ అదే మెసేజ్ వచ్చింది. "ఇద్దరు వెల్డర్లు, ఒక ఫిట్టర్ కావాలి, అర్జెంట్." కింద వరసగా "మాకూ", "మాకూ" అని పెట్టారు. ఛఠ్ పండక్కి బిహార్ వెళ్లిన కుర్రాళ్లు ఇంకా రాలేదని ఒకాయన, ఒడిశా బ్యాచ్‌ని పక్క షెడ్డువాళ్లు ఎక్కువ ఆశ పెట్టి ఎత్తుకుపోయారని ఇంకొకాయన. ముప్ఫై ఏళ్లుగా నేనూ ఇదే ఏడుపు ఏడుస్తున్నాను కాబట్టి ఎవరినీ దెప్పడానికి రాయడం లేదు.

కానీ మనం ఆ మెసేజ్ కొట్టే చోటికి కూతవేటు దూరంలో ఒక గోడ ఉంది. చర్లపల్లి సెంట్రల్ జైలు గోడ. దాని వెనక స్టీలు ఫర్నిచర్ షాపుంది, వెల్డింగ్ షాపుంది. అక్కడ పని నేర్చుకున్నవాళ్లు శిక్ష పూర్తయ్యాక ఆ గేటు దాటి, చేతిలో ఒక కవరు పట్టుకుని, మన షెడ్ల వీధుల్లోంచే నడిచి వెళతారు. మనం మాత్రం దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎప్పుడొస్తుందా అని ఎదురు చూస్తుంటాం.

నేనూ అలాగే చూసినవాణ్నే. ఆ సంగతే ముందు చెప్పాలి.

2018 వానాకాలంలో ఒకతను మా షెడ్డు గేటు దగ్గరికి వచ్చాడు. నలభై దాటి ఉంటాయి. గేటు తీసే ఉన్నా లోపలికి రాకుండా బయటే నిలబడ్డాడు. వెల్డింగ్ వస్తుందన్నాడు.

"ఎక్కడ చేసినవ్?" అని అడిగాను.

"ఇక్కడనే సార్, చర్లపల్లిల."

"ఏ కంపెనీ?"

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత గడ్డంతో గోడ వైపు చూపించి, "కంపెనీ కాదు సార్. లోపట" అన్నాడు.

ఎన్నేళ్లని అడిగితే పద్నాలుగు అన్నాడు. ఏం కేసు అంటే దాచలేదు. ఊళ్లో పొలం గెట్టు పంచాయితీ. మాటామాటా పెరిగింది, అవతలి మనిషి చనిపోయాడు. జీవిత ఖైదు. ముందస్తు విడుదలకి ప్రభుత్వమిచ్చే జీవోలో పేరొస్తే విడుదలయ్యాడు.

నేను పెద్దమనిషి లెక్క "సరే, నంబరు ఇచ్చి పో, చూసి ఫోన్ చేస్తా" అన్నాను. అతని దగ్గర ఫోన్ లేదని నాకు తెలుసు. చొక్కా జేబు కనబడుతూనే ఉంది, ఖాళీగా ఉంది. తెలిసే అన్నాను. అతను "మంచిది సార్" అని వెళ్లిపోయాడు. మనలో ఇలా పంపించనివాళ్లు ఎవరైనా ఉంటే చేతులెత్తి దండం పెడతాను.

ఓ వారం తర్వాత ఒక ర్యాక్‌ల ఆర్డర్ మెడ మీదికొచ్చింది. ఇద్దరు వెల్డర్లకి డెంగ్యూ. మా ఫోర్‌మన్ వచ్చి, "మొన్న వచ్చినాయన రెండు వీధుల అవతల గోదాంలో హమాలీ పని చేస్తుండు, పిలవమంటరా?" అన్నాడు. దిక్కులేక పిలిచాను. జాలితో కాదు, దయచేసి ఆ పేరు నాకు అంటగట్టకండి.

రెండు యాంగిల్ ముక్కలిచ్చి టీ జాయింట్, అంటే T ఆకారంలో అతుకు, వెయ్యమన్నాం. అతను హోల్డర్ పట్టుకునే ముందు ఎర్త్ క్లాంప్ ఊడదీసి, అది కరిచే చోట తుప్పు గీకి మళ్లీ బిగించాడు. పక్కనే పడున్న చిత్తు ముక్క మీద రాడ్డు గీసి చూసుకుని, మిషన్ మీద కరెంటు కాస్త తగ్గించాడు. రెండు చివరలా చుక్కంత అతుకు (ట్యాక్) వేసి, గుణియా పెట్టి మూల సరిచూసి, ఆ తర్వాతే పూర్తి అతుకు వేశాడు. చల్లారాక చిప్పింగ్ హ్యామర్‌తో ఒక్కసారి తట్టాడు. అతుకు మీద పెంకులా పేరుకునే స్లాగ్ మొత్తం చిక్కుడుకాయ ఈనె తీసినట్టు ఒకే పట్టీగా లేచొచ్చింది. అంచు కోసుకుపోయిన అండర్‌కట్ లేదు, గాలి బుడగ చేసే బ్లోహోల్ లేదు. మా ఫోర్‌మన్ నా మొహం చూశాడు. వారం క్రితం నేనా మనిషిని ఫోన్ నంబరు అడిగి పంపించేశానని అతనికి తెలుసు.

ఆ రోజు నుంచి మా షెడ్డులో ఆయన మేస్త్రి. పేరు రాయను. నా పేరు రాసినా ఆయనెవరో మీకు తెలిసిపోతుంది కాబట్టి అదీ రాయను.

పనిలో పెట్టుకోవడం ఒక పూట పని. జీతం ఇవ్వగలగడానికి రెండు నెలలు పట్టింది. ఈ తిప్పలు మనవాళ్లలో చాలామందికి తెలియవు కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను. ఆయన లోపలికి వెళ్లింది 2004లో. అప్పుడు మనది ఆంధ్రప్రదేశ్, ఆయన ఊరు నల్లగొండ జిల్లా. బయటికొచ్చేసరికి తెలంగాణ, యాదాద్రి భువనగిరి జిల్లా. మనిషీ కదల్లేదు, ఊరూ కదల్లేదు, కోర్టు కాగితాల్లో ఒక చిరునామా, ఇప్పటి రికార్డుల్లో ఇంకో చిరునామా. ఆధార్ లోపలున్నప్పుడే తీశారట, కానీ దానికి ఏ ఫోన్ నంబరూ లేదు. నంబరు లేకపోతే ఓటీపీ రాదు, ఓటీపీ రాకపోతే పీఎఫ్ ఖాతా పని ముందుకు కదలదు. బ్యాంకుకి వెళితే ఇప్పుడుంటున్న ఇంటి అడ్రసు ప్రూఫ్ అడిగారు. ఇల్లు అద్దెకివ్వాలంటే ఓనరు ఎక్కడ పని చేస్తున్నావని అడిగాడు. పని చేస్తున్నానని రుజువు చూపాలంటే జీతం బ్యాంకులో పడాలి. కుక్క తన తోకని తాను పట్టుకోవడానికి తిరిగినట్టు ఆయన ఈ నాలుగు ఆఫీసుల మధ్య తిరిగాడు. ఆధార్ సెంటర్లో టోకెన్ కోసం పొద్దున ఆరింటికే వెళ్లి కూర్చునేవాడు. మూడో రోజు మా అబ్బాయిని తోడిచ్చి పంపితే గంటలో పనైపోయింది. మా అబ్బాయికేమీ గొప్ప తెలివితేటలు లేవు. కౌంటర్లో అడిగినదానికి తలెత్తి సమాధానం చెప్పగలడు, అంతే. మేస్త్రి ప్రతి కౌంటర్ దగ్గరా చేతులు కట్టుకుని, పిలిచేదాకా నిలబడేవాడు. ఇక్కడ ఎవరూ పిలవరని ఆయనకి తెలియదు.

ఇంకో సంగతి గమనించండి. పీఎఫ్ ఫారం కేసు ఉందా అని అడగదు. ఈఎస్‌ఐ ఫారం అడగదు. ప్రభుత్వమే అడగని ఆ ప్రశ్న మన షెడ్డు బయోడేటా ఫారంలోకి ఎవరు పెట్టారు? మా ఫారం తీసి చూస్తే తండ్రి పేరు, ఊరు తర్వాత మూడో గడిలోనే ఉంది: "పోలీసు కేసులు ఏమైనా ఉన్నాయా?" పని వచ్చా రాదా అన్నది తొమ్మిదో గడి. పదిహేనేళ్ల క్రితం ఎవరో పెద్ద కంపెనీ ఫారం జిరాక్స్ తీసి మా పేరు పెట్టుకున్నాం. నేనే తీశాను.

ఆ మూడో గడి దగ్గర మనిషికి రెండే దార్లు. ఉందని రాస్తే తొమ్మిదో గడిదాకా ఎవరూ చదవరు. లేదని రాస్తే ఎప్పుడో ఒకప్పుడు బయటపడి, "అబద్ధం చెప్పాడు" అన్న కారణంతో పోతుంది. అనుభవం దాచాలి, ఎందుకంటే అనుభవమూ నేరమూ ఒకే చిరునామాలో ఉన్నాయి. మా మేస్త్రి దగ్గర లోపల ఇచ్చిన ఒక సర్టిఫికెట్ ఉంది, స్టీలు ఫర్నిచర్ పనిలో శిక్షణ పొందాడని. దాన్ని ఆయన నాకు చూపించింది చేరిన ఏడాదిన్నరకి. పైన పెద్దక్షరాలతో జైలు పేరుంది మరి. పద్నాలుగేళ్ల సర్వీసు, ఒక్క ఇంటర్వ్యూలో కూడా చెప్పుకోలేని సర్వీసు.

భారతంలో పాండవులు ఆఖరి ఏడాది అజ్ఞాతవాసానికి విరాటుడి కొలువుకి వెళ్లి పనులడుగుతారు కదా. భీముడు వలలుడని పేరు చెప్పుకుని వంటశాలలో చేరాడు, నకులుడు గుర్రాల దగ్గర, సహదేవుడు ఆవుల దగ్గర. ఐదుగురూ అసలు పేరు దాచే ఉద్యోగం సంపాదించారు. విరాటుడు కూడా పని ఏమొచ్చని అడిగాడే గానీ వెరిఫికేషన్ రిపోర్టు తెమ్మనలేదు. వాళ్లకి ఏడాదితో తీరిపోయింది. మన దగ్గరికి వచ్చేవాళ్లకి గడువంటూ లేదు.

నిజంగానే లేదు. ఈ లేఖ రాయాలనుకున్నాక మా వకీలుని కూర్చోబెట్టుకుని అడిగాను. బ్రిటన్‌లో 1974 నుంచి ఒక చట్టం ఉందట. శిక్ష పూర్తయి, ఇన్నేళ్లు మళ్లీ ఏ గొడవకీ పోకుండా ఉంటే, చాలా ఉద్యోగాలకి ఆ పాత శిక్ష సంగతి చెప్పక్కర్లేదు. జీవిత ఖైదుకి అది వర్తించదు, కాబట్టి మా మేస్త్రి లండన్‌లో పుట్టినా లాభం లేదు. మన దగ్గర అలా అందరికీ వర్తించే గడువు లేదు. ముక్కలుముక్కలుగా కొన్ని ఉన్నాయి. 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద కోర్టు మందలించో, మంచి నడవడిక మీదో వదిలేస్తే ఆ నేరం వల్ల వచ్చే అనర్హత అంటుకోదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం పిల్లలప్పటి కేసులని, పదహారు దాటినవాళ్ల ఘోరమైన నేరాలు మినహా, జీవితాంతం వెంటాడనివ్వదు. సర్కారు నౌకర్ల విషయంలో 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల ధర్మాసనం చెప్పింది: కుర్రతనంలో నినాదాలు చేసిన కేసులాంటి చిన్నవాటిని దాచినా చూసీచూడనట్టు పోవచ్చు, అడిగేవాళ్లు కూడా ఏం అడుగుతున్నారో స్పష్టంగా అడగాలి అని. నిజం చెప్పినవాణ్ని తీసుకుని తీరాలని మాత్రం కోర్టు ఎవరి మెడలూ వంచలేదు. అతని సంగతంతా చూసి నిర్ణయించుకునే అధికారం యజమానికే ఉంచింది. చూసి, అన్న మాట దగ్గర నేను ఆగుతాను. మనం చూడటం లేదు. మూడో గడి దగ్గరే ఫారం పక్కన పడేస్తున్నాం.

కొన్ని తలుపులు చట్టమే మూసేసింది. 2005 ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం ప్రకారం శిక్ష పడినవాణ్ని సెక్యూరిటీ గార్డుగా పెట్టుకోకూడదు. బయటికొచ్చిన యాభై ఏళ్ల మనిషికి, పెద్ద చదువు లేనివాడికి, ముందుగా తట్టేది వాచ్‌మన్ పనే. అది పోయింది. కానీ మనిషి చేత వెల్డింగ్ చేయించుకోవద్దని, గ్రైండింగ్ చేయించుకోవద్దని, పౌడర్ కోటింగ్ చేయించుకోవద్దని మన షెడ్లకి చెప్పే చట్టం ఏదీ లేదు. ఈ గోడ మనం కట్టుకున్నదే.

"జైలుకెళ్లొచ్చాడు" అన్న మాటలో కూడా మనం అన్నీ కలిపేస్తాం. 2022 ఆఖరికి దేశంలోని జైళ్లలో ఉన్నవాళ్లు 5,73,220 మంది. అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురికి శిక్షే పడలేదు. మా పౌడర్ కోటింగ్ కుర్రాడు అలాంటివాడే. గణేశ్ నిమజ్జనంలో కొట్లాట, నలభై రోజులు రిమాండ్. లోక్ అదాలత్‌లో రాజీ అయి కేసు కొట్టేశారు. డెలివరీ యాప్‌లో చేరదామని పోతే ఏదో వెరిఫికేషన్ సంస్థ కోర్టు వెబ్‌సైట్‌లో అతని పేరు వెతికి, కేసు నంబరు పట్టుకుని, కాదు పొమ్మంది. కేసు ఏమైందో కింద రెండు లైన్లు చదివితే తెలిసేది.

మేస్త్రి దగ్గర నేను చూసిన ఒక విషయం చెప్పాలి. చేరిన మొదటి రోజు సాయంత్రం ఐదున్నరకి సైరన్ మోగగానే అందరూ చేతులు కడుక్కోవడానికి ఉరికారు. ఈయన మాత్రం తన బెంచీ మీద ఒక గోనెపట్టా పరిచి సుత్తి, రెండు రెంచీలు, గుణియా, గీతగీసే సుద్ద, వైర్ బ్రష్, గ్రైండర్ తాళం అన్నీ వరసగా పెట్టి, పక్కన నిలబడ్డాడు. ఫోర్‌మన్ అటుగా వెళ్లి "ఏందన్నా, పోలేదా?" అంటే, "లెక్క చూసుకోండ్రి" అన్నాడు. లోపల పనిముట్లు లెక్క తేలేదాకా ఎవరినీ షాపులోంచి కదలనివ్వరట. ఒక్క ఆకురాయి తగ్గినా అందరూ నిలబడాల్సిందే. పద్నాలుగేళ్లు రోజూ చేసిన పని, చేతులకి అలవాటైపోయింది. మా కుర్రాళ్లు మొదట నవ్వారు. ఓ నెలకి ఆయన పక్క బెంచీవాడు కూడా పరచడం మొదలుపెట్టాడు. ఇప్పుడు షెడ్డంతా పరుస్తారు. మనందరికీ తెలుసు, నెలకి ఎన్ని కటింగ్ డిస్కులు కాళ్లొచ్చి నడిచిపోతాయో. మా షెడ్డులో నడవడం మానేశాయి.

ఆయనకి మొదటి ఏడాది నేనేం ఇచ్చానో కూడా చెప్పకపోతే ఈ లేఖ అబద్ధమవుతుంది. పక్క బెంచీ వెల్డర్‌కి రోజుకి ఆరువందలిస్తుంటే ఈయనకి నాలుగున్నర వందలిచ్చాను. కేసున్నోడు కదా, ఎక్కడికి పోతాడు అనుకున్నాను. ఆయన అడగలేదు. అడగడని తెలిసే ఇవ్వలేదు. ఒక రోజు జీతాల పుస్తకం రాస్తూ మా ఆవిడ, "ఈయన వేసిన జాబ్ తక్కువ రేటుకి అమ్ముతున్నామా?" అని అడిగింది. తర్వాతి నెల నుంచి సరిచేశాను, పాత బాకీ రెండు దసరాలకి బోనస్ పేరుతో తీర్చాను. మీలో ఎవరికైనా ఈ లేఖ చదివి "అయితే చవకగా దొరుకుతారన్నమాట" అన్న ఆలోచన వస్తే, దయచేసి వాళ్లని తీసుకోకండి. తీసుకోకపోవడమే మేలు.

అందరూ మేస్త్రిలా ఉండరు. రెండోసారి ఒకతన్ని తీసుకున్నాను, దొంగతనం కేసులో మూడేళ్లు ఉండొచ్చినవాడు. పనిమంతుడే. బతుకమ్మ పండగ ముందు ఎనిమిది వేలు అడ్వాన్స్ తీసుకున్నాడు, ఫోన్ స్విచాఫ్. ఇప్పటిదాకా లేడు. ఆ రోజు మా బావమరిది "నేను చెప్పలేదా" అన్నాడు. చెప్పాడు, ఒప్పుకుంటాను. అయితే మా పాత పుస్తకం తీసి చూశాను. అంతకు ముందు అడ్వాన్స్ ఎగ్గొట్టి పోయినవాళ్లు నలుగురున్నారు. నలుగురి వెరిఫికేషనూ కడిగిన ముత్యం. అప్పుడు "బిహార్‌వాళ్లని నమ్మొద్దు" అన్నాడు బావమరిది. ఎప్పుడూ ఏదో ఒక గుంపు ఉంటుంది ఆయనకి.

కళ్లు మూసుకుని అందర్నీ తీసుకోమని నేననడం లేదు. లెక్కల్లో మోసం చేసినవాణ్ని క్యాష్ పుస్తకం దగ్గర కూర్చోబెట్టను. ఆడవాళ్ల మీద చెయ్యి వేసిన కేసున్నవాణ్ని మా ప్యాకింగ్ సెక్షన్‌లోకి రానివ్వను, అక్కడ ఆరుగురు ఆడపిల్లలు పని చేస్తారు. కేసుకీ పనికీ సంబంధం ఉందా, ఎన్నేళ్లయింది, ఆ తర్వాత మనిషి ఎలా ఉన్నాడు, ఈ మూడూ చూస్తాను. దానికి ఎదురుగా కూర్చోబెట్టి పది నిమిషాలు మాట్లాడాలి. కారు డ్రైవర్ని పెట్టుకునే ముందు అంతకన్నా ఎక్కువసేపే మాట్లాడతాం.

చంచల్‌గూడ దగ్గర జైళ్ల శాఖ పెట్రోల్ బంకులో మీలో చాలామంది పెట్రోలు కొట్టిస్తారని నాకు తెలుసు. కొలత సరిగ్గా ఉంటుందని దూరం నుంచి కూడా వచ్చి కొట్టించేవాళ్లున్నారు. అక్కడ పోసేవాళ్లు ఖైదీలు, విడుదలైనవాళ్లు. అతని చేతికి ఐదువందల నోటిచ్చి, చిల్లర లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకుంటాం. షెడ్డుకి వచ్చాక అదే మనిషి చేతికి గ్రైండర్ ఇవ్వాలంటే భయమేస్తుంది.

ఇప్పుడు పెద్ద కంపెనీలవాళ్లతో ఒక మాట.

2021లో మాకొక పెద్ద ఫ్యాక్టరీలో పైపుల ర్యాక్ బిగించే పని వచ్చింది. షెడ్డులో ఆ ర్యాక్ మొత్తం కట్టింది మేస్త్రి. ఏ బోల్టు ఏ రంధ్రంలోకో ఆయనకే తెలుసు. గేట్ పాస్‌కి అందరి పోలీస్ వెరిఫికేషన్ అడిగారు. ఇచ్చాం. పదకొండు పాస్‌లు వచ్చాయి, ఒకటి రాలేదు. సేఫ్టీ ఆఫీసర్‌ని కలిశాను. మంచాయనే. "నాకు అభ్యంతరం లేదండీ, సిస్టమ్ తీసుకోదు" అన్నాడు. సిస్టమ్ అంటే ఎవరని అడిగితే హెడ్డాఫీసు అన్నాడు. హెడ్డాఫీసుకి మెయిల్ పెట్టాను, "వెండర్ పాలసీ" అని రెండు ముక్కల జవాబొచ్చింది. చివరికి మేస్త్రి గేటు బయట టీ బండి దగ్గర కూర్చుని ఫోన్‌లో చెబుతుంటే, లోపల మా కుర్రాళ్లు బిగించారు. మూడు రోజుల పని ఆరు రోజులు పట్టింది. సైట్ బత్తా ఆయనకి రాలేదు, నేను నా జేబులోంచి ఇస్తే తీసుకోలేదు.

మాలాంటి చిన్న షెడ్డువాడు ధైర్యం చేసి ఒక మనిషిని తీసుకున్నా, మీ గేటు దగ్గర అతను ఆగిపోతాడు. దాంతో తర్వాతిసారి మేమే ఆలోచిస్తాం, సైట్‌కి పంపలేని మనిషి ఎందుకని. మీ వార్షిక నివేదికల్లో సామాజిక బాధ్యత అని రంగుల పేజీలుంటాయి. మొక్కలు నాటిన ఫొటోలుంటాయి. వాటికి పెట్టే ఖర్చులో పైసా కూడా అక్కర్లేని పని ఇది. వెండర్ షరతుల్లో "ఏ కేసూ ఉండరాదు" అని ఉన్నచోట "చేసే పనికి సంబంధించిన, ఇటీవలి శిక్ష ఉంటే వెండర్ ముందుగా తెలపాలి, విడిగా పరిశీలిస్తాం" అని ఒక్క వాక్యం మార్చండి. మందుల గోడౌన్‌కి, సాల్వెంట్ యార్డుకి మీ భయం మీకుంటుంది, కాదనను. పైపుల ర్యాక్ బిగించేవాడి మీద 2004 నాటి గెట్టు తగాదా ఏం చేస్తుంది?

ఈ సంగతి మా వకీలు చెప్పినప్పుడు మొదట నమ్మలేదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం రెండేళ్లు, అంతకు మించి శిక్ష పడినవాడు విడుదలయ్యాక ఇంకో ఆరేళ్లు ఎన్నికల్లో నిలబడకూడదు. ఆరేళ్లు దాటితే నిలబడొచ్చు. మా మేస్త్రి బయటికొచ్చింది 2018లో. అంటే ఇప్పుడాయన అసెంబ్లీకి పోటీ చేయొచ్చు. గెలిస్తే అదే ఫ్యాక్టరీకి ముఖ్య అతిథిగా పిలిచి శాలువా కప్పుతారు. బోల్టు బిగించడానికి మాత్రం గేటు దాటనివ్వరు. ఇది ఆయనకి చెబితే చాలాసేపు నవ్వాడు. ఆయన అంతలా నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

చనిపోయిన మనిషి ఇల్లు ఒకటుంది ఆ ఊళ్లో. ఆ ఇంట్లోవాళ్ల తరఫున క్షమించే హక్కు నాకు లేదు, మీకూ లేదు. మేస్త్రి కూడా ఊరికి పోడు. పొలం తమ్ముడికి వదిలేశాడు. ఏడాదికోసారి యాదగిరిగుట్టకి వెళ్లి, అటునుంచి అటే వచ్చేస్తాడు. ఊరు అక్కడికి అరగంట దూరమే. శిక్ష కోర్టు వేసింది, ఆయన పూర్తి చేశాడు. దాని మీద ఇంకో శిక్ష వేసే పని ఫ్యాబ్రికేషన్ షెడ్డుది కాదని మాత్రమే నేనంటున్నాను.

మన అసోసియేషన్ సెక్రటరీ గారికి రెండు విషయాలు కాగితం మీద రాసిచ్చాను. ఒకటి, మనమంతా వాడే బయోడేటా ఫారంలో కేసుల ప్రశ్న మూడో గడిలోంచి తీసి ఆఖరికి జరపడం. తీసెయ్యమనడం లేదు. పని చూసి, జీతం మాట్లాడుకుని, తీసుకుందాం అనుకున్నాక, యజమానే ఎదురుగా కూర్చుని నోటితో అడగాలి. ఏముందో చెప్పే అవకాశం అప్పుడుంటుంది, వినే ఓపికా మనకప్పుడే ఉంటుంది. రెండోది, జైలు అధికారులని అడిగి మనలో నలుగురైదుగురం లోపలి వర్క్‌షాపు చూసి రావడం. అక్కడ నేర్పే మిషన్లు ఏ కాలం నాటివో, మనకి కావాల్సిన మిగ్ వెల్డింగ్ (రాడ్డు బదులు తీగ దానంతటదే అందే రకం) నేర్పుతున్నారో లేదో తెలుస్తుంది. లేకపోతే మన పాత మిషన్లు ఒకటి రెండు ఇవ్వొచ్చు. విడుదలకి మూడు నెలల ముందే ఆధార్‌కి ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా పని పూర్తిచేసి పంపమని అడగొచ్చు. పెద్ద గొప్ప కోరికలేమీ కావు ఇవి.

సెక్రటరీ గారు కాగితం తీసుకుని, "మీటింగ్‌లో పెడదాం, కానీ మనవాళ్లు ఒప్పుకోరు" అన్నారు. మనవాళ్లంటే మీరే కాబట్టి ఇలా నేరుగా రాస్తున్నాను.

అనుమానం ఉన్నవాళ్లు శనివారం సాయంత్రం మా షెడ్డుకి రండి. ఎవరికీ ఎవరినీ పరిచయం చేయను, ఎవరు ఎవరో మీరే చెప్పడానికి ప్రయత్నించండి. పన్నెండు మంది ఉంటారు, టీ తాగించి పంపుతాను. కొంచెం ముందుగా, ఐదుంబావుకల్లా వస్తే బాగుంటుంది. ఐదున్నరకి సైరన్ మోగుతుంది, పట్టాలు పరుస్తారు. ఆ తర్వాత లెక్క అయ్యేదాకా నేను కూడా కదలను.

ఇట్లు,
చర్లపల్లి నుంచి మీ తోటి షెడ్డు యజమాని